డ్రమ్ము విప్పి చూడుడు

గోదావరి డెల్టాలో ఇనుమునకు ఆయుర్దాయము తక్కువ. అనంతపురపు పొడి యెండలో ఏండ్ల తరబడి నిలిచిన కారునకు రంగు వెలియును గాని ఇనుము అంత సులభముగా త్రుప్పునకు లొంగదు. అంతర్వేది, ఓడలరేవు తీరములందో, భీమవరము చుట్టునున్న ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లమీదనో మసలు కారు, పైరంగు నిగనిగలాడుచుండగనే, లోలోపల కొరుక్కుపోవుచుండును. కాకినాడనుండి ఉప్పాడకు సముద్రపుటొడ్డున పోవు బాట నెరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: పోటు దినములలో కెరటము రాళ్ళగట్టు దాటివచ్చి రోడ్డుమీదనే విరుగును, ఆ తుంపరలో తడియుట వేడుక యనుకొని బండి నాపి నిలుచువారును కలరు, ఆ వేడుకకు మూల్యము కొన్ని నెలల పిమ్మట చక్రముల లోపల తేలును. సముద్రమునకు దూరముగా నుండు లంకలలో ఆ పని గోదావరియే చేయును. 1986 ఆగస్టు వరదను చూచిన తరమువారును, 2022 జూలైలో భద్రాచలముకడ నీటిమట్టము 71 అడుగులు దాటిన దినములలో కోనసీమ లంకలయందు పడవలపై తిరిగిన తరమువారును, నీరు తీసిన తరువాత బండి చక్రములనుండి ఒండ్రు కారుట ఎరుగుదురు.

కావున ఈ సీమలో ఒక కారు రోడ్డెక్కుటకు యోగ్యమగునా కాదా యను ప్రశ్నకు దాని పుట్టిన సంవత్సరము చెప్పు సమాధానము చాలదనియు, చక్రమూడదీసి డ్రమ్ము విప్పి చూచినవాడే ఆ ప్రశ్నకు సమాధానము చెప్పదగినవాడనియు నా అభిప్రాయము. పాత వాహనములను తుక్కు చేయవలెనను మాట దేశమంతట వినవచ్చుచున్న ఈ కాలమున, చూచుటకు మిక్కిలి స్వల్పమైన ఒక యంత్రభాగమును పట్టుకొని ఇంత దూరము మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఐనను బండి కదలుటకు ఇంజను కావలెను గాని, ఆగుటకు కావలసినది ఈ భాగమే గదా.

డ్రమ్ము బ్రేకన నేమో ఎరుగని పాఠకులకు రెండు మాటలు. చక్రముతోపాటు తిరుగు పోతయినుపగిన్నె యొకటి; దాని లోపల అర్ధచంద్రాకారమున షూలు రెండు; ఆ షూలమీద రాపిడికి తాళు లైనింగు. డ్రైవరు పెడలు త్రొక్కగానే బ్రేకాయిలు ఒత్తిడి చక్రములోని చిన్న సిలిండరునందలి పిస్టనులను వెలుపలికి త్రోయును, షూలు విచ్చుకొని గిన్నె లోగోడను ఒరయును, కాలు తీయగా స్ప్రింగులు వానిని మరల దగ్గరకు లాగును. వెనుక చక్రములలో నుండు షూలనే హ్యాండు బ్రేకు తీగయు లాగును. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ రెనో 1902లో దీనికి నేటి రూపమిచ్చెనని చరిత్రకారులు వ్రాయుదురు. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరునకు చిరకాలము నాలుగు చక్రములకును డ్రమ్ములే. 1983 డిసెంబరులో తొలిబండి వెలువడి 2014 జనవరిలో తయారీ ముగిసిన మారుతి 800కు వెనుక చక్రములు రెండింటికిని అవే. నేడు షోరూములో సరికొత్తగా కొను చిన్న కార్లలో పెక్కింటికి వెనుక డ్రమ్ములే యుండుటచేత, ఇది పాతబండ్ల మోజుగల నలుగురి గొడవయని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

తిరుగుచున్న బండికంటె నిలిచిపోయిన బండికే డ్రమ్ములలో ఈ త్రుప్పు వ్యాధి ముందుగా సోకును. కోనసీమలో ఏ యూరికి పోయినను, కొబ్బరితోట ప్రక్కన పెంకుటిల్లో మేడయో, దాని ప్రక్కన రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఇంటి పెద్దాయన ఒకప్పుడు నడిపిన కారు, దానిపై కప్పిన పట్టాయు కనబడుచునేయుండును. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉందురు. పెద్దాయనకు చూపు తగ్గియుండును, లేదా ఆయనయే లేకపోవును. బండిని అమ్ముటకు మనసు రాదు, తిప్పుటకు మనిషి లేడు. దానిని నిలుపునాడు ఎవరో శ్రద్ధగలవారు శుభ్రముగా నీళ్ళుకొట్టి కడిగి, కదలకుండుటకై హ్యాండు బ్రేకును గట్టిగా లాగి, దుమ్ము పడకుండ పట్టా కప్పియుందురు. ఈ మూడును విడివిడిగా మంచి పనులే. మూడును కలిసి ఒక్కనాడు జరిగెనా, తడిసిన లైనింగు తడిసిన పోతయినుమునకు ఒత్తుకొని యుండగా పైనుండి పట్టా ఆ తేమను బయటికి పోనీయదు, శ్రావణము గడచి కార్తికము వచ్చుసరికి ఆ రెంటినడుమ త్రుప్పు ఒక పొరగా పేరుకొని అతుకు వేసినట్లు పట్టుకొనును. సంక్రాంతికి వచ్చిన కుమారుడు కొత్త బ్యాటరీ వేయించగా ఇంజను ఒక్క పెట్టున మేల్కొనును. బండి మాత్రము కదలదు.

కదలకుండుటకు కారణము ఇదొక్కటియే కాదు. హ్యాండు బ్రేకు తీగ తన తొడుగులోనే త్రుప్పెక్కి, లివరు క్రిందికి దిగినను తీగ సడలకపోవచ్చును. బ్రేకాయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు; రెండేండ్లకొకసారియైనను దానిని మార్చనిచో ఆ తేమ సిలిండరు లోగోడను తిని పిస్టనును బిగించును, అట్టి సిలిండరును విప్పినచో డికాక్షనువలె నల్లబడిన నూనెయు, దాని యడుగున బురదయు కనబడును. చాలకాలము నడచిన డ్రమ్ము లోపలి అంచున అరుగని చోట ఒక గట్టు ఏర్పడి షూలను బయటికి రానీయకపోవుటయు కలదు. ఒక్కొకయెడ దోషము రబ్బరు గొట్టములో నుండును: లోపొర ఉబ్బి మూసుకొనుటచేత ఒత్తిడి లోనికి పోవును గాని వెనుకకు రాదు, బయటినుండి చూచిన గొట్టము దివ్యముగా నుండును. వీనిలో ఏది జరిగినదో తెలియకుండ పని మొదలుపెట్టుట, నాడి చూడకుండ మందిచ్చుట.

మన యూళ్ళలో సాధారణముగా జరుగునది అంతకంటె అన్యాయము. నలుగురు కుర్రవాండ్రు వెనుకనుండి త్రోయుదురు. అప్పటికిని కదలనిచో ట్రాక్టరు తెచ్చి గొలుసు వేసి లాగుదురు. అంబాసిడరు వెనుక చక్రములతో నడచు బండి గనుక దాని ఇంజను బలమంతయు పట్టివేసిన ఆ చక్రములమీదనే పడి, ఇరుసుమీదను డిఫరెన్షియలుమీదను భారము మోపును. మారుతి ముందు చక్రములతో నడచునది గనుక వెనుక చక్రములు తిరుగకయే సిమెంటు రోడ్డుపై ఈడ్చుకొనిపోయి టైరులు ఒక్కచోటనే చదునుగా అరుగును. ఫళుక్కున చప్పుడై చక్రము తిరిగినప్పుడు చుట్టునున్నవారు సంతోషింతురు. ఆ చప్పుడు చాలసారులు లైనింగు షూనుండి ఊడివచ్చిన చప్పుడే; ఊడిన ముక్క లోపలనే యుండి, రేపు రావులపాలెము వంతెన మీదనో, సిద్ధాంతము దాటిన పిదపనో, బండి వేగముగా పోవుచుండగా అడ్డుపడి చక్రమును బిగబట్టవచ్చును.

ఇంతకంటె చెడ్డ ఉపాయములు రెండు కలవు, రెండును ప్రచారములో నున్నవే. మొదటిది, పట్టివేసిన చక్రమునకు పోవు గొట్టమును మడిచియో నొక్కియో మూసివేసి మూడు చక్రముల బ్రేకులతో బండి నడుపుట. అట్టి బండి బ్రేకు వేసినప్పుడు ఒక ప్రక్కకు లాగును, గట్టుకు ఇరువైపుల కాలువలుండు డెల్టా రోడ్లలో ఆ ప్రక్కకు లాగుట ఎచ్చట ముగియునో ఊహింపవచ్చును. రెండవది, హ్యాండు బ్రేకు తీగనే పీకివేయుట. "ఈ తీగుంటే మళ్ళీ పట్టేస్తదండి, పీకేద్దామండి, ఆయ్" అని తేలికగా చెప్పు పనివారును, "అలాగే కానీ" అని తల యూపు యజమానులును నాకు తెలియును. వారిని నేను సఖినేటిపల్లి రేవునకు రమ్మందును. అచ్చట వసిష్ఠ గోదావరి దాటి నరసాపురము చేరుటకు మనుష్యులును, మోటారు సైకిళ్ళును, కార్లును ఒకే పంటుమీద ఎక్కుదురు. పంటు ఒడ్డునకు తగిలినప్పుడు ఒక కుదుపు, పోటుపాటులకు మరియొక కుదుపు. కారు బంపరునకును ముందున్న మనుష్యుల మోకాళ్ళకును నడుమ జానెడు చోటు. ఆ జానెడు చోటును కాపాడునది చక్రము క్రింద పెట్టిన చెక్కముక్కయు, ఆ పీకివేయబడిన తీగయునే. 1974లో రాజమహేంద్రవరము వద్ద రోడ్డు రైలు వంతెన తెరచువరకు ఆ ప్రాంతమున కార్లు గోదావరి దాటుటకు చాలవరకు రేవులే దిక్కు. ఆ కాలపు డ్రైవరులు హ్యాండు బ్రేకును పెడలుకంటె ఎక్కువగా నమ్మిరనుటలో నాకు ఆశ్చర్యము లేదు.

తెలిసిన మేస్త్రి ఈ పనిని మొదలుపెట్టు తీరు చూచి తీరవలసినది. అతడు మొదట కదలవలసిన చక్రమును ముట్టడు. తక్కిన చక్రములకు ముందు వెనుకల చెక్కలు పెట్టి, హ్యాండు బ్రేకు లివరును పూర్తిగా దించి, తీగను దాని సర్దుబాటు మరదగ్గర సడలించును. చక్రపు నట్లను బండి నేలమీద నున్నప్పుడే వదులు చేసి, జాకీ లేపిన పిమ్మట క్రింద స్టాండు పెట్టును. వట్టి జాకీని నమ్మి బండి క్రింద చేయి పెట్టువాడు మేస్త్రి కాడు. తరువాత షూలను దగ్గరకు రప్పించుటకు అడ్జస్టరును వెనుకకు త్రిప్పును. ఆ అడ్జస్టరు కొన్ని బండ్లలో డ్రమ్ము ముఖముననున్న రంధ్రమునుండి స్క్రూడ్రైవరునకు అందును, కొన్నింటిలో వెనుక పళ్ళెమునుండి నలుపలకల తలగా పొడుచుకొనివచ్చి పానాకు అందును; అదియు త్రుప్పెక్కియుండును గనుక దానికి తైలము పూసి ఒక పూట ఆగుట మంచిది. డ్రమ్మును హబ్బునకు బిగించు చిన్న మరలు రెండుండిన వానిని తీయవలెను. వీనిని మరచి డ్రమ్మును బాదినవారు లేకపోలేదు.

అటుపిమ్మట సుత్తి. పోతయినుము ఒత్తిడికి ఓర్చును గాని దెబ్బకు ఓర్వదు, అంచున పడిన ఒక్క బలమైన దెబ్బకు బీట తీయును. కావున కొయ్యసుత్తితోనో, నడుమ చెక్క అడ్డుపెట్టియో, బోల్టుల నడుమ ముఖముమీదను, గోడ చుట్టునను, ఒక్కొక తట్టు తట్టుచు, త్రిప్పుచు పోవలెను. రాజమహేంద్రవరములో ఒక షెడ్డుముందు పెద్ద మేస్త్రి తన కుర్రవానిని కసరుకొనుచుండగా వింటిని: "కొట్టకురా, చుట్టూ తట్టు. పగిలిందంటే మళ్ళీ బెజవాడ పరిగెత్తాలి." ఆ కుర్రవాడు తట్టుచుండగా చాలసేపు గణగణమనని గొడ్డు చప్పుడే వచ్చినది, క్రమముగా ఆ చప్పుడులో ఒక మ్రోత చేరినది, పళ్ళెమునకును డ్రమ్మునకును నడుమనున్న సందులోనుండి ఎర్రని పొడి రాలినది, ఆ మ్రోత వినగానే మేస్త్రి బీడీ పారవైచి లేచి, తానే చేతులు వేసి డ్రమ్మును కుడికి కొంచెము ఎడమకు కొంచెము ఆడించి బయటికి లాగెను. మారుతి డ్రమ్ములకు మరచుట్టు గల రంధ్రములు రెండుండును. వానిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు బిగించి, ఇటొక చుట్టు అటొక చుట్టుగా త్రిప్పినచో డ్రమ్ము తనంతట తానే హబ్బును విడిచి వచ్చును. ఇన్నిటికిని లొంగనిచో కట్టకడపటి ఉపాయముగా షూలను పట్టియుంచు సన్నని పిన్నుల తలలను వెనుక పళ్ళెమువైపున కోసి, షూలతో సహా డ్రమ్మును తీయుదురు. పిన్నులకు పోవునది కొద్దిపాటి సొమ్ము. పగిలిన అంబాసిడరు డ్రమ్మునకు మారు దొరకుట నానాటికి దుర్లభమగుచున్నది.

డ్రమ్ము ఊడగానే జరుగు తప్పును గూర్చి కొంచెము గట్టిగా చెప్పవలసియున్నది. లోపల నిలిచిన బూడిదరంగు దుమ్మును కంప్రెసరు గాలితో బుస్సున ఊదివేయుట మన షెడ్లలో నిత్యకృత్యము. నోటితో ఊదువారును కలరు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు కలియుట సర్వసాధారణము. ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమునందును ఆ ఖనిజమును త్రవ్వితీసిరి. ఇప్పుడు త్రవ్వకము ఆగినను దిగుమతి ఆగలేదు. దాని సూక్ష్మతంతువులు ఊపిరితిత్తులలో చేరి దశాబ్దముల పిదప క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో తేల్చినది. ఆ దుమ్మును నీటితో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయుటకు ఖర్చేమియు లేదు. షెడ్డులో పదునాలుగు పదునైదేండ్ల పిల్లవానిచేత ఈ పని చేయించుట యన్నదే తప్పు, అది వేరొక వ్యాసము.

తైలము విషయమునను ఒక జాగ్రత్త. త్రుప్పునకు కిరసనాయిలు మంచిదని అందరెరిగినదే గాని, అది లైనింగునకు తగిలినచో బ్రేకు జారును, సిలిండరులోని రబ్బరు వాషరులకు తగిలినచో అవి ఉబ్బి మరల పట్టివేయును. తొలికాలపు బ్రేకాయిళ్ళు ఆముదములో స్పిరిటు కలిపి చేసినవి. ఆనాడు ఆముదమే ఏల యనగా రబ్బరును అది చెరుపదు గనుక. నేటివి వేరు రసాయనములు. ఐనను సిలిండరును బ్రేకాయిలుతోనో స్పిరిటుతోనో కడుగవలెనను నియమము మారలేదు. వాషరులు మార్చి, ఇరుప్రక్కల షూలు ఒక్కసారే మార్చి, గుంటలు పడిన డ్రమ్మును లేతుమీద పెట్టించి, దాని వ్యాసము హద్దు మీరినచో మొగమాటము లేక తుక్కునకు వేసి, చివరకు ఒకడు పెడలు త్రొక్కుచు ఒకడు నిపిలు విప్పుచు, "తొక్కు, పట్టు, వదులు" అని పాటవలె అనుకొనుచు బ్రేకు గొట్టములలోని గాలి తీసిననాడు ఆ బండి మరల బండి యగును.

ఇక ప్రభుత్వము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు చెల్లును, ఆపైన పరీక్ష చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. 2021 ఆగస్టులో ప్రకటించిన తుక్కు విధానమును చాలమంది తప్పుగా అర్థము చేసికొనిరి. 20 ఏండ్లు దాటినంతమాత్రమున సొంతకారు తుక్కు కాదు, పరీక్షలో తప్పిననాడే అగును. ఈ నియమము న్యాయమైనదే. ప్రభుత్వ వాహనములకు మాత్రము 15 ఏండ్ల గడువే హద్దుగా 2023 ఏప్రిలునుండి అమలునకు వచ్చినది. ఢిల్లీలో 2018 నాటి సుప్రీముకోర్టు ఆదేశము పది, పదునైదేండ్ల లెక్కనే పట్టినది, అట్టి బండ్లకు ఇంధనము పోయరాదన్న కట్టడి 2025 జూలైలో మొదలై కొద్ది దినములకే వాయిదా పడినది. ఢిల్లీ బాధ పొగ. పాత ఇంజను పొగ ఎక్కువ విడుచుననుట నిజము, దానిని కాదనుటకు నేను సిద్ధముగా లేను. కాని మన డెల్టా బాధ తేమ. వరదనీట మునిగి, ఎండిన పిమ్మట పైపైన తుడిచి వేరొక జిల్లాలో అమ్మబడిన అయిదేండ్ల కారు, వారమునకొకసారి రాజమహేంద్రవరమునకు పోయివచ్చుచు ఏటేట వానలు వెలిసిన పిమ్మట డ్రమ్ములు విప్పించుకొను ముప్పదియేండ్ల అంబాసిడరుకంటె ఎన్నోరెట్లు అపాయకరము. మన లెక్కలలో మాత్రము మొదటిది యౌవనములో నున్నది, రెండవది మరణశయ్యపై నున్నది.

రోలరులమీద చక్రమును నిలిపి ఒక్కొక చక్రపు బ్రేకుబలమును కొలుచు యంత్రములు పరీక్షాకేంద్రములకు వచ్చుచున్నవి, వానిని నేను మనసార ఆహ్వానింతును. ఇరుప్రక్కల బలము సమముగా నున్నదా, ఏ చక్రమైనను విడువక ఈడ్చుచున్నదా యనుట అవి నిమిషములో చెప్పును. లైనింగు అంచు లేచుటయు, వాషరు చెమ్మగిలుటయు, తీగ తొడుగు చిట్లుటయు వానికి కనబడవు. 2022 ఏప్రిలునుండి 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగించుటకు 5,000 రూపాయలు పుచ్చుకొనుచున్నారు. 20 ఏండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో దానిని 10,000 చేసిరి. ఇంత సొమ్ము కట్టిన యజమాని, కాకినాడలోగాని అమలాపురములోగాని భీమవరములోగాని, తన బండి వెనుక చక్రమొకటి విప్పించి లోన చూచి, చూచినది కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుటలో అత్యాశ యేమియు లేదు. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు చదివి ఊరక తిరుగుచున్న కుర్రవాండ్రు ప్రతి మండలములోను కలరు, ఆ పనికి వారు చాలుదురు. అంతవరకు యజమానులు చేయదగినది ఒకటి: వానకారు నెలలలో బండిని నిలుపునప్పుడు, కడిగిన వెంటనే నిలుపక వీధి చివరివరకు నడిపి బ్రేకులు ఆరనిచ్చి, గేరులో పెట్టి, చక్రములకు చెక్కలు వేసి, హ్యాండు బ్రేకును దించియే విడుచుట.